కరెంటు వచ్చినప్పుడల్లా తెల్లవారే పెట్టె

అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో నా ఉద్యోగం. నేను కూర్చునే గది ఒకప్పుడు అతిథుల పడకగది. మంచం తీసేసి బల్ల వేశారు గానీ అద్దాల బీరువా, గోడకు అంటించిన పూల కాగితం అలాగే ఉన్నాయి. కిటికీ తెరిస్తే రెండు బారల దూరంలో ప్రహరీ గోడ. గేటుకు పగలంతా తాళం ఉంటుంది. కుక్కలు రోడ్డు మీదికి పోతాయని ఓనరు పెట్టిన పద్ధతి అది. బయటికి వెళ్లాలంటే వాచ్‌మన్‌ను పిలవాలి. ఆయన తోటలో ఎక్కడో మొక్కలకు నీళ్లు పెడుతూ ఉంటే, వచ్చి తాళం తీసేదాకా ఎండలో నిలబడాలి. మొదటి నెలలో రెండుసార్లు అలా నిలబడ్డాను. ఆ తర్వాత మధ్యాహ్నం బయటికి వెళ్లడమే మానేశాను.

అంతకుముందు హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో చేసేదాన్ని. పాప పుట్టాక మానేశాను. పాప బడికి వెళ్లే వయసు వచ్చాక మళ్లీ ఉద్యోగం చేస్తానంటే, చేవెళ్లలో మా ఇంట్లో ఒక్కటే షరతు పెట్టారు. నాలుగింటికి స్కూలు వ్యాను వచ్చేసరికి నేను వాకిట్లో ఉండాలి. మా ఆయనకు బస్టాండు దగ్గర హార్డ్‌వేర్ దుకాణం, వదిలి రాలేడు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆ షరతుకు ఒప్పుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆ దారిలో ఇదొక్కటే దొరికింది. పొద్దున తొమ్మిదికి బస్సెక్కాలి, మూడుంబావుకు తిరుగు బస్సు పట్టుకోవాలి. ఆ రెండు బస్సుల మధ్య ఎంత పని పడితే అంత పని.

ఓనరుది మొయినాబాద్ వైపు పాత భూముల కుటుంబం. వాళ్ల నాన్న రాజకీయాల్లో తిరిగినవాడు, ఈయనా తిరుగుతున్నాడు. ఊళ్లో అందరూ ఆయనను అన్న అంటారు, నేనూ అంతే. ఆయన నన్ను చెల్లె అంటాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ చెల్లె అని పిలిచే మనిషికి కాదని చెప్పడం, ఒక సెలవు అడగడం కూడా ఎంత కష్టమో నాకు అక్కడే తెలిసింది.

మేం చేసేది పాలీహౌస్‌లకు పెట్టెలు. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ప్లాస్టిక్ కప్పిన పెద్ద పెద్ద షెడ్లలో పూలు పండించే రైతులు చాలామంది ఉన్నారు. లోపల వేడి పెరగకుండా పైనున్న పైపుల నుంచి మంచులా సన్నగా నీళ్లు చిమ్మే ఫాగర్లు ఉంటాయి. ఎండ ముదిరే పదకొండు నుంచి మూడు దాకా, అరగంటకోసారి, ఒక నిమిషం పాటు అవి తిరగాలి. సాయంత్రం తిరగకూడదు. ఆకుల మీద, పూల మీద తడి ఆరక బూజు తెగులు వస్తుంది. ఇదంతా మనిషి నిలబడి చేసేవాడు. ఆ మనిషి చేసే పని మా పెట్టె చేస్తుంది.

పెట్టె లోపల ఉండేది కంప్యూటర్లను నడిపే లైనక్సే. కానీ కంప్యూటర్‌లో ఉండేంత లైనక్స్ కాదు. మా బోర్డులో ఉన్న చోటు, ఫోనులో ఒకటి రెండు పాటలు పట్టేంత. అందులోనే అన్నీ ఇరికించాలి. లైనక్స్‌లో చిన్న చిన్న పనులు చేసే కమాండ్లు వందల కొద్దీ ఉంటాయి. ఫైలు కాపీ చేసేది ఒకటి, పక్క యంత్రం పలుకుతుందో లేదో చూసేది ఒకటి, క్యాలెండర్ చూపించేది ఒకటి. వాటిలో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో నిర్ణయించడమే నా ఉద్యోగంలో పెద్ద భాగం. నీలం తెర మీద బారుగా పేర్లు వస్తాయి. ప్రతి పేరు ముందు ఒక చదరం. కావాలంటే అందులో నక్షత్రం, వద్దంటే ఖాళీ. ఒక పేజీ అయ్యాక ఇంకో పేజీ. మొదట్లో నాకు ఆ పని ఇష్టంగానే ఉండేది. రోజంతా బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఎవరూ మాట్లాడించకుండా, మనసు ఎక్కడికీ పోకుండా కూర్చోవచ్చు. కొన్ని నెలలకు మాత్రం ఆ నీలం తెర కిటికీ అవతల గోడలాగే అనిపించసాగింది.

పెట్టెలు రైతులకు పంపే వారంలో ఓనరు ఒక కోరిక కోరాడు. పెట్టె వెలగగానే దాని చిన్న తెర మీద తను దండం పెడుతున్న ఫొటో రావాలన్నాడు. చోటు లేదన్నాను.

"రైతుకు మనం యాదికుండాలె కదా చెల్లె. జర సూడు," అన్నాడు.

ఫొటో పట్టాలంటే ఏవో తీసేయాలి. మళ్లీ నీలం తెర తెరిచి ఒక్కొక్కటే ఖాళీ చేస్తూ వచ్చాను. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. నెట్‌వర్క్ కమాండ్ల పేజీకి వచ్చేసరికి మూడు దాటింది. మూడుంబావు బస్సు తప్పితే తర్వాతి బస్సు నాలుగింటికి. ఒక్కొక్కదాని గురించి ఆలోచించే సమయం లేదు. ఇది ఎందుకో వెంటనే గుర్తుకొస్తే ఉంచాను, రాకపోతే తీసేశాను. దూరం నుంచి పెట్టెలోకి లాగిన్ అయ్యే దారి అంతకుముందే మూసేశాం. అదుంటే దొంగలు దూరతారని, ఓనరు తెచ్చిన సలహాదారు ఒకాయన చెప్పాడు. ఆ పేజీలో నేను ఖాళీ చేసినవాటిలో, నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకుని గడియారం సరిచేసుకునేది కూడా ఉంది. మిగిలినవాటితో పెట్టె సాఫ్ట్‌వేర్ తయారయ్యేలా బిల్డ్ పెట్టి, బ్యాగు తీసుకుని గేటు దగ్గరికి పరిగెత్తాను. బస్సు దొరికింది.

పెట్టెను నా బల్ల మీద మూడు వారాలు నడిపి చూశాను. ఒక్క నిమిషం కూడా తేడా రాలేదు. ఎందుకు వస్తుంది? ఫామ్‌హౌస్‌కు పెద్ద ఇన్వర్టర్ ఉంది, నా బల్ల దగ్గర కరెంటు పోవడమంటూ లేదు. నేను చేత్తో ఒకసారి పెట్టిన సమయంతోనే అది ఆ మూడు వారాలూ నడిచింది. కరెంటు పోతే ఏమవుతుందన్న ఆలోచనే నాకు రాలేదు.

ముప్పై దాకా పెట్టెలు వెళ్లాయి. రెండో నెల నుంచే కొన్ని ఫిర్యాదులు వచ్చాయి. పూలకు మచ్చలు, రేకులు కుళ్లడం. బిగించి వచ్చే కుర్రవాళ్లు మందు కొట్టడంలో తేడా అని చెప్పి వచ్చేవారు. ఎక్కువ ఫిర్యాదులు ముడిమ్యాలలోని ఒక పాలీహౌస్ నుంచి వస్తున్నాయి. ఒకసారి వెళ్లి చూస్తానని నేనే అడిగాను. సమస్య తేమ కొలిచే సెన్సర్లలో ఉందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ గది నుంచి ఒక పూట బయటపడాలని కూడా అడిగాను. ఓనరు జీపు ఇచ్చి, ఎక్కేముందు ఒక మాట చెప్పాడు.

"రైతుల ముందర తప్పు మనదని అనకు చెల్లె. అప్‌డేట్ ఇస్తున్నం అను, సాలు."

ముడిమ్యాల పాలీహౌస్‌లో అడుగుపెట్టగానే ఊపిరి ఆగినట్టయింది. పైన తెల్ల ప్లాస్టిక్, కింద తడి మట్టి, మధ్యలో కదలని వేడి గాలి. బారులు బారులుగా జెర్బెరా పూల మొక్కలు. దూరం నుంచి బాగానే ఉన్నాయి. దగ్గరికి వెళితే గులాబీరంగు రేకుల మీద గోధుమరంగు చుక్కలు. మా పెట్టె ఒక స్తంభానికి బిగించి ఉంది. దాని పక్కనే పైపుకు తీగతో ఒక గోడ గడియారం కట్టి ఉంది. దాని కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒకామె కూర్చుని ఉంది. యాభై ఐదేళ్లుంటాయి. చీర కొంగు నెత్తి మీద కప్పుకుని, తడి గుడ్డ మెడకు చుట్టుకుంది. పాలీహౌస్ ఆమెదే. నన్ను చూసి లేచి, ఆ కుర్చీ నాకు వేసింది.

గడియారం ఎందుకని అడిగాను. ఆమె పెట్టె వైపు చూపించింది.

"దీనికి మన టైము తెల్వది మేడం. కరెంటు వోయి వచ్చినప్పుడల్ల దీనికి తెల్లారుతది. ఎప్పుడు సూడు, ఐదున్నర కాంచే మొదలుపెడ్తది."

ఆ మాట వినగానే నాకు అర్థమైంది. ఇంకేమీ చూడనక్కర్లేదు. బోర్డులో గడియారానికి వేరే బ్యాటరీ లేదు. కరెంటు పోతే సమయం మరిచిపోతుంది. తిరిగి వెలిగినప్పుడు కంప్యూటర్లు లెక్క మొదలుపెట్టే మొట్టమొదటి రోజుకు వెళ్లిపోతుంది. మన దేశపు సమయంలో అది పొద్దున ఐదున్నర. అక్కడి నుంచి నెట్‌ను అడిగి సరిచేసుకోవాలి. అడిగే కమాండే లేదు. కాబట్టి పదకొండింటికి కరెంటు వస్తే, పెట్టె లెక్కలో పదకొండయ్యేసరికి బయట నాలుగున్నర. మండే ఎండలో ఒక్క చుక్క చిమ్మదు. పొద్దు వాలాక మొదలుపెట్టి, చీకటి పడేదాకా పూలను తడుపుతూ ఉంటుంది.

అయినా ల్యాప్‌టాప్ నుంచి కేబుల్ పెట్టి చూశాను. తెర మీద పంతొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి అని వచ్చింది. సమయం తెచ్చుకునే కమాండ్ పేరు కొట్టాను. అలాంటిదేమీ లేదని జవాబు వచ్చింది. ఆ చదరం ఖాళీ చేసింది నా చేతులే.

ఆమె పక్కన నిలబడి, నేనడగకుండానే చెప్పుకుపోయింది. పెట్టె పెట్టకముందు ఫాగర్లు తిప్పడానికి ఒక పనివాడు ఉండేవాడట. పెట్టె వచ్చింది కదా అని అతన్ని మాన్పించారు. అతను అజీజ్‌నగర్‌లో ఏదో ఫామ్‌హౌస్‌కు వాచ్‌మన్‌గా వెళ్లిపోయాడు. పిలిస్తే ఇప్పుడు రాడు. భర్త తెల్లవారుజామునే పూలు వేసుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి, మధ్యాహ్నం దాటాక వస్తాడు. రోజుకు నాలుగైదుసార్లు కరెంటు పోతుంది, ఎప్పుడు పోతుందో తెలియదు. పోయి వచ్చిన ప్రతిసారీ పెట్టెను ఆపి, గోడ గడియారం చూసుకుంటూ చేత్తో తిప్పాలి. ఆమె ఒక్కతే. ఐదు నెలలుగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీలోనే. అన్నం కూడా అక్కడికే తెచ్చుకుంటోంది. కాసేపు ఏమరుపాటుగా ఉన్న రోజులవే ఆ మచ్చలు.

ఊళ్లో ఎవరింట్లో ఏ కార్యం జరిగినా పోలేదని చెప్పింది. తర్వాత, మాటల మధ్యలో మామూలుగానే అంది.

"మా బిడ్డను తొలి కాన్పుకు తెచ్చుకోలే. తెచ్చుకుంటే ఎవరు సూడాలె? తాండూరుల అత్తగారింట్లనే అయింది. పొల్ల వుట్టింది. రెండు నెలలాయె, నేనింక సూడలే."

తొలి కాన్పు తల్లిగారింట్లో జరగకపోవడం మా వైపు చిన్న మాట కాదు. ఆ తల్లి ఎంత మాట పడి ఉంటుందో నాకు తెలుసు. మా ఆఫీసుకు ఎందుకు గట్టిగా చెప్పలేదని అడిగాను. మూడుసార్లు చెప్పిందట. మీ కరెంటుకు మేమేం చేస్తాం, పెట్టె బాగానే ఉంది, నీకే వాడరాదు అని వచ్చినవాళ్లు అన్నారట. పైగా అది పెద్దింటివాళ్లు ఇచ్చిన పెట్టె. పంచాయితీ పెట్టుకోవద్దని భర్త అన్నాడట. చదువు లేకపాయె, నాకే సమజ్ కాలేదేమో అనుకుని ఊరుకుందట.

నేను కేబుల్ చుడుతూ ఉన్నాను. అప్‌డేట్ ఇస్తాం అంటే సరిపోయేది. జీపు డ్రైవర్ గుమ్మం దగ్గరే నిలబడి వింటున్నాడు. నా నోటికి ఆ మాట రాలేదు.

"పెద్దమ్మా, నీకు వాడరాక కాదు. దీనికి టైము తెచ్చుకునే పని ఒకటుంటది. అది నేనే తీసేసిన," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఎందుకు తీసినవు బిడ్డా?"

చోటు చాలలేదని చెప్పవచ్చు, అదీ నిజమే. కానీ ఆమె మొహంలోకి చూస్తూ సగం నిజం చెప్పలేకపోయాను. "బస్సుకు టైమైతుండె. తొందరల సూడకుండ తీసేసిన."

కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. "గీ ఒక్క ముచ్చట మూడు నెలల కింద ఎవ్వలన్న చెప్తే అయిపోవు. నాకే తెలివి లేదనుకున్న," అంది. అప్పటిదాకా మేడం అని పిలిచింది, ఆ తర్వాత బిడ్డా అనే పిలిచింది. అది క్షమించడమో, నా పెద్దరికం తీసేయడమో నాకిప్పటికీ తెలియదు.

చేత్తో సమయం సరిచేసి లేవబోతుంటే కరెంటు పోయింది. ఇరవై నిమిషాలకు వచ్చింది. పెట్టెకు మళ్లీ తెల్లవారింది. అది చూశాక లేవలేకపోయాను. ఆమె వెళ్లి అన్నం తిని వస్తానంటే, ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఐదు నెలల్లో మొదటిసారి ఇంట్లో కూర్చుని తింటున్నానని చెప్పి వెళ్లింది. చెమట కళ్లలోకి కారుతుంటే, గోడ గడియారం చూస్తూ అరగంటకోసారి మీట తిప్పాను. మూడు దాటింది. మూడున్నర అయింది. ఆమె వచ్చేసరికి మూడూ నలభై. జీపు ఎంత తోలినా నాలుగింటికి నేను ఇంట్లో లేను.

వ్యాను వచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేకపోతే, డ్రైవర్ పాపను మా ఆయన దుకాణంలో దించి వెళ్లాడు. పాప సిమెంటు బస్తాల మీద కూర్చుని బిస్కెట్లు తింటోంది, సంతోషంగానే ఉంది. మా ఆయన గిరాకీల ముందు ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక మాత్రం, మొదట్లో ఒప్పుకున్న మాట ఏమైందని అడిగాడు. ఇంకా ముప్పై చోట్లకు వెళ్లాలని, దూరం నుంచి బాగుచేసే దారి లేదని చెప్పాను. వాళ్ల పెట్టెలు వాళ్లే చూసుకుంటారు, నువ్వు మానేయి అన్నాడు. మానేయడం అంత తేలికగా ఆయన నోట వచ్చేసరికి నాకు ఏడుపు వచ్చింది. ఈ ఉద్యోగం నన్ను ఊపిరాడనివ్వడం లేదని రోజూ అనుకునేదాన్నే, అది పోతుందంటే మాత్రం భయం వేసింది.

అత్తమ్మ అంతా విని, రెండు వారాలు పాపను తను దించుకుంటానంది. రెండు వారాలే అని మళ్లీ చెప్పింది.

మర్నాడు ఓనరు నన్ను పిలిపించాడు. జీపు డ్రైవర్ అంతా చెప్పేశాడు. ముడిమ్యాల ఆమె కూడా తెలిసిన రైతులకు చెప్పింది, పొద్దుటి నుంచి ఫోన్లు. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నేనేం జెప్పిన చెల్లె, నువ్వేం జేసినవు," అని మాత్రం అన్నాడు.

నేను లెంపలు వేసుకోలేదు. తప్పు రైతుది కాదు కాబట్టి అలా చెప్పానన్నాను. తీసేసిన కమాండ్ తిరిగి పెట్టాలంటే చోటు కావాలి, ఫొటో తగ్గించాలి అన్నాను. ఎంత తగ్గాలని ఆయన అడిగాడు. పాస్‌పోర్టు ఫొటో అంత అని చెప్పాను. సరేనన్నాడు. నన్ను పంపించేస్తాడనుకున్నాను. ఆ పెట్టె లోపల ఏముందో తెలిసినది నేనొక్కదాన్నే, ఎలా పంపిస్తాడు? పైగా ఇకనుంచి రైతులకు నా ఫోన్ నంబరే ఇస్తానన్నాడు. అది శిక్షో నమ్మకమో ఆయనకూ తెలిసి ఉండదు.

ఈసారి నీలం తెర ముందు నాలుగు రోజులు కూర్చున్నాను. ఖాళీ చేసిన ప్రతి పేరునూ మళ్లీ చదివాను. సమయం తెలియకపోతే ఫాగర్లు ముట్టుకోకుండా ఎర్ర దీపం వెలిగించమని కూడా రాశాను. కరెంటు తీసి, పెట్టి, తీసి, పెట్టి చూశాను. ఆ తర్వాత పది రోజులు ఊళ్లు తిరిగాను. ఒక్కో పెట్టెకు కేబుల్ పెట్టి కొత్తది ఎక్కించడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ప్రతిచోటా ఒకే సంగతి విన్నాను. ఎవరో ఒకరు ఆ పెట్టెకు కాపలా ఉన్నారు. ఒకచోట కోడలు, ఒకచోట కాలు విరిగి ఇంట్లో ఉన్న పెద్దమనిషి. ఎంకపల్లిలో అయితే రైతు పెట్టెను విప్పేసి బాత్రూంలో పెట్టాడు. అందరికీ తప్పు నాదేనని చెప్పాను. కొందరు తిట్టారు. ఒకాయన నా ముందే నవ్వి, ఇంజనీర్లు కూడా బస్సు కోసం ఉరుకుతారా అన్నాడు.

ముడిమ్యాల ఆమె మూడు వారాల తర్వాత తాండూరు నుంచి ఫోన్ చేసింది. మనవరాలిని ఎత్తుకుని ఉంది, ఏడుపు వినిపించింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలగడం లేదని భర్తను అడిగి తెలుసుకుని నాకు చెప్పింది. ఇక ఫికర్ లేదు, బిడ్డను తెచ్చుకుని నెల రోజులు ఉంచుకోమన్నాను.

"తెచ్చుకుంట. అయిన కాన్పు మళ్ల అయితదా బిడ్డా," అంది. కోపంగా అనలేదు.

రెండు వారాలు అయిపోగానే అత్తమ్మ మోకాళ్లు మళ్లీ నొప్పి పెట్టాయి. నేను మళ్లీ మూడుంబావు బస్సుకు వచ్చేశాను. ఫోన్ మాత్రం రోజంతా మోగుతుంది. పెట్టె సంగతులే కాదు, ఏ మందు కొట్టాలని, కరెంటు ఎప్పుడు వస్తుందని కూడా అడుగుతారు. వంట చేస్తూ మాట్లాడతాను. ఇంట్లో చిరాకు పడతారు.

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒక కంపెనీవాళ్లు పిలిచారు. ఇలాంటి పనే, పెద్ద బృందం, మంచి మనుషుల్లాగే మాట్లాడారు. వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రావాలి, సాయంత్రం ఆరింటిదాకా. ఆలోచించుకోవడానికి వారం గడువు అడిగాను. ఇంట్లో చెప్పలేదు, ఓనరుకూ చెప్పలేదు. ఆ వారం మొన్న శుక్రవారంతో అయిపోయింది. వాళ్లు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.